గట్టు మీద కళ్ళు తెరిచి

నీళ్ళకు అంచు గీసి, ఇక్కడి దాకా వచ్చి ఆగమని చెప్పిన దేవునికి స్తోత్రం. వాన ఇచ్చిన ఏడాదీ, ఇవ్వని ఏడాదీ మా సీమను మరచిపోని ప్రభువుకు స్తోత్రం. నీటి అడుగున నేను పీల్చిన ప్రతి ఊపిరీ ఆయనది. గొట్టం మాత్రం మనుషులది. ఆ మనుషులను నాకు చూపించినందుకూ ఆయనకే స్తోత్రం. ఈ మాటలు ముందు చెప్పకుండా నా పని గురించి ఏమీ చెప్పలేను. ఎందుకంటే ప్రార్థన వల్లే నాకు దొరికిన మొదటి పని పోయింది. ప్రార్థన వల్లే మళ్ళీ దొరికింది.

నేను డైవర్ని. ఈత కొట్టి చూపించేవాడిని కాదు, నీళ్ళ కింద పని చేసేవాడిని. డ్యాము గేటు అడుగున రబ్బరు పట్టీ అరిగిందేమో తడిమి చూడడం, నీళ్ళు లాగే తూము ముందు ఇనుప జల్లెడకు చెత్త పట్టితే కోసి తీయడం, ఇలాంటివి మా పనులు. నెత్తిన హెల్మెట్టు ఉంటుంది. దానికి గాలి పైనుంచి గొట్టంలో వస్తుంది. ఆ గాలి గొట్టం, మాట్లాడే తీగ, గట్టి తాడు మూడూ కలిపి లావుగా చుట్టి ఉంటాయి. దాన్ని మేము లైను అంటాము. ఒకడు కింద ఉంటే ఇంకొకడు గట్టు మీద నిలబడి ఆ లైను పట్టుకుంటాడు.

మాది కమలాపురం దగ్గర పల్లె. నల్లరేగడి నేల, శనగ పంట. అలాంటి ఊరినుంచి డైవర్ ఎట్లా పుట్టాడని అందరూ అడుగుతారు. పెళ్ళికి ముందు కొన్నేళ్ళు మంగంపేట ముగ్గురాయి గనుల్లో పంపుల దగ్గర పనిచేశాను. వాన పడితే గుంతల్లో నీళ్ళు నిలిచేవి. పంపు గొట్టం చివర చెత్త అడ్డం పడితే ఎవరో ఒకరు మునిగి తీయాలి. చిన్నప్పుడు బావిలో వీపుకు ఎండు సొరబుర్ర కట్టుకుని ఈత నేర్చినవాడిని కాబట్టి ఆ ఒకరు ఎప్పుడూ నేనే. ఒకసారి అక్కడికి వచ్చిన ఒక ఇంజనీరు, నేను పైకి వచ్చేదాకా గడియారం చూస్తూ నిలబడి, "ఈ పనికి చదువు ఉంది, తెలుసా నీకు?" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని సముద్రం ఒడ్డున ఉన్న ఒక శిక్షణ బడికి వెళ్ళాను. వెళ్ళే ఆదివారం మా సంఘమంతా లేచి నిలబడింది. అయ్యగారు నా తల మీద చేయి ఉంచి ప్రార్థించారు. సంఘపెద్దలు ఒక్కొక్కరుగా వచ్చి భుజం తట్టారు.

శిక్షణ అయింది, సర్టిఫికెట్టు వచ్చింది. దానితోపాటు ఒక లాగ్ బుక్కు కూడా ఇచ్చారు. ఎన్నిసార్లు దిగాడు, ఎంత లోతు, ఎంతసేపు, ఏం పని, ఇవన్నీ రాసి, పని చేయించిన సూపర్వైజరు సంతకం పెట్టే పుస్తకం అది. బడిలో దిగినవాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పనిలో దిగినవే కావాలి. రేవుల దగ్గరి కంపెనీలకు ఫోను చేస్తే అందరిదీ ఒకటే ప్రశ్న.

"లాగ్ బుక్కులో ఎన్ని డైవులు ఉన్నాయి?"

"ఇంకా లేవు సార్."

"ఉన్నప్పుడు ఫోను చెయ్యి."

మొదటి పేజీ నిండితే తప్ప పని ఇవ్వరు. పని ఇస్తే తప్ప మొదటి పేజీ నిండదు. గనుల దగ్గర నా పాత మేస్త్రీ మంచివాడు. "ఉగాది దాకా నీ జాగా ఖాళీగా పెడతా. ఆమీన రాకపోతే వేరేవాన్ని పెట్టుకుంటా. నన్ను అనొద్దు మల్ల" అన్నాడు. అప్పటికి శనగ కోతలు మొదలయ్యాయి. ఉగాదికి ఎంతో దూరం లేదు. గనికి తిరిగి పోవడం నాకు చిన్నతనం కాదు. కానీ సంఘమంతా చేతులెత్తి పంపిన పనిలో ఒక్క పేజీ కూడా నింపకుండా ఆ జాగాలోకే పోయి కూర్చుంటే, ఆ ప్రార్థనకు జవాబు ఏమైందని ఎవరైనా అడిగితే నేను ఏమి చెప్పాలి? అదే నా భయం.

ఊళ్ళో మాత్రం పనులకు కొదవ లేదు. బావిలో పడిన చెంబు, బావిలో పడిన మోటారు, బావిలో పడిన మేక. ఒక పెద్దాయన తన బోరులో ఇరుక్కున్న మోటారు తీయమని మా ఇంటికే వచ్చి కూర్చున్నాడు.

"పెద్దాయనా, బోరు ఆరంగుళాలు ఉంటాది. నేను యాడ పడతా దాంట్లో?"

"మరి అన్ని నెలలు ఏం నేర్చుకోనొస్తివప్పా?" అని ఆయన బాధగా లేచి వెళ్ళిపోయాడు.

నా భార్య నా మేనమామ కూతురే. ఆయన వెళ్ళేదాకా నవ్వు ఆపుకుని, తరువాత గోడకు ఆనుకుని నవ్వింది. "బావా, నిన్ను సన్నగా చేసే బడి కూడా ఏమన్నా ఉంటే పోయి రా."

అలా ఉండగా శిక్షణ బడి గురువు ఒకాయన ఫోను చేసి, కర్నూలు వైపు ఒక పాత జలాశయం దగ్గర చిన్న పని జరుగుతోందని, ఆ సూపర్వైజరుకు నా గురించి చెప్పానని అన్నాడు. నేను స్తోత్రం చెప్పి, సంచీ సర్దుకుని, మరునాడే బస్సెక్కాను.

సూపర్వైజరు ఆదోని దిక్కు మనిషి. సన్నగా, నల్లగా, ఎప్పుడూ కళ్ళు చిట్లించి నీళ్ళకేసి చూస్తూ ఉండేవాడు. మనిషి కింద ఉండగా ఎవరూ తూము తెరవకుండా, దాని మోటారు గది తాళం చెవి ఆయన చొక్కా జేబులోనే ఉండేది. మనిషి నీళ్ళలో ఉన్నంతసేపూ జేబు మీద చేయి పెట్టి తడిమి చూసుకునేవాడు. నా సర్టిఫికెట్టు అటూ ఇటూ తిప్పి ఇచ్చేశాడు.

"కొత్తోడివి. ముందు లైను పట్టు. నాలుగు దినాలు సరిగ్గా పట్టితే, ఆమీన దింపుతా. దిగితే సంతకం పెడతా. సరేనా?"

"సరే సార్."

దిగేది ఒక పెద్ద డైవరు, కర్నూలు పాతబస్తీ ఆయన. అందరూ చాచా అనేవారు. యాభై దాటిన మనిషి. గడ్డం నెరిసింది. నీళ్ళలో నాని నాని ఆయన వేళ్ళు ఎండు ఖర్జూరాల్లా ఉండేవి. హెల్మెట్టు పెట్టుకునే ముందు బిస్మిల్లా అనుకుని నావైపు చూసి, "నీ పేరు మీద పోతాండా నాయనా. ఇడిసిపెట్టొద్దు" అని నవ్వాడు. తరువాత నిచ్చెన దిగాడు. నీళ్ళు ఆయన భుజాల దాకా వచ్చాయి, తల దాకా వచ్చాయి, కలిసిపోయాయి. గుప్పున బుడగలు లేచాయి. లైను నా అరచేతుల్లోంచి జారుతూ లోపలికి పోతోంది.

ఒక మనిషి ప్రాణం నా చేతుల్లో ఉండడం నా బతుకులో అదే మొదటిసారి. గుండె నిండిపోయింది. అమ్మ ఒళ్ళో ఉన్నప్పటినుంచీ గుండె నిండినప్పుడు నాకు తెలిసింది ఒకటే. తల వంచాను. కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, ఈ పెద్దాయనను నీ చేతులతో పట్టుకో అని మొదలుపెట్టాను. మా సంఘంలో కళ్ళు మూయకుండా ప్రార్థించడం అంటే చెప్పులతో లోపలికి రావడం లాంటిది. ఆదివారం బడిలో కళ్ళు తెరిచిన పిల్లలకు మొట్టికాయ పడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా ప్రార్థన అంటే నాకు మూసిన రెప్పల లోపలి చీకటే.

చేతులు మాత్రం పని మరువలేదు. లైను లాగితే వదిలాను, వదులైతే చుట్టుకున్నాను. అదంతా జరుగుతూనే ఉంది. ఎంతసేపు అలా ఉన్నానో నాకు తెలియదు. నా చేతుల మీద ఇంకొకరి చేతులు పడ్డాయి.

సూపర్వైజరు నా చేతుల్లోంచి లైను మెల్లగా తీసుకుని పక్కనున్న ఇంకొకడికి ఇచ్చాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నిద్రపోతాండావా?"

"లేదు సార్. ప్రార్థన చేస్తాంటి."

"ఎవురికోసం?"

"చాచా కోసం."

ఆయన బుడగల వైపు చూస్తూనే మాట్లాడాడు. "ప్రార్థన చేసుకో అప్పా. నేనేం వద్దనను. నేనూ మా ఎల్లమ్మకు మొక్కే వస్తా పొద్దున్నే. కానీ గట్టు మీద కూర్చోని చేసుకో. లైను మీద కాదు. కింద ఆయనకు ఏమీ కనపడదు. ఆయన కండ్లు నువ్వు. నువ్వు మూసుకుంటే ఇద్దరూ గుడ్డోళ్ళయిరి గదా?"

సాయంత్రం సామాన్లు సర్దుతుంటే ఆయనే వచ్చి, "రేపు రావొద్దు. ఊరికి పో" అన్నాడు. చాచా తడి బట్టలు పిండుకుంటూ ఆ మాట విన్నాడు.

"సార్, ఆ పిల్లోడు నాకోసం దువా చేసినాడంట. దువా చేసినోన్ని పంపిస్తారా? నాకు పాపం చుట్టుకుంటాది."

"నీకు పాపం చుట్టుకుంటే కడుక్కోవచ్చు చాచా. లైను చుట్టుకుంటే నీ బీబీకి ఎవురు చెప్పాల? నువ్వు చెప్తావా?"

చాచా బస్సు దాకా నాతో నడిచి వచ్చి, నా ఫోను నంబరు తన ఫోనులో ఎక్కించుకున్నాడు.

దారిపొడుగునా నాకు కోపమే వచ్చింది. నా మీద కాదు. దేవుని పేరు ఎత్తినందుకు పని పోయిందని, ఇది నా విశ్వాసానికి వచ్చిన శ్రమ అని, లేఖనాల్లో ఇలాంటి శ్రమలు ఎంతమంది పడలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఇది ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. నేను శ్రమపడిన భక్తుడిని కాదు. కాపలా పనిలో కళ్ళు మూసుకున్న కావలివాడిని. అంతే.

ఇల్లు చేరేసరికి పొద్దెక్కింది. నా భార్య పొయ్యి ముందు ఉంది. నన్ను చూసి, సంచీ చూసి, చెంబుతో నీళ్ళు ఇచ్చింది. నేను మొత్తం చెప్పాను, నా శ్రమ గురించి కూడా కలిపి. ఆమె వింటూ పాలగిన్నె కింద మంట తగ్గిస్తోంది.

"బావా, నేను దినామూ నీకోసం ప్రార్థన చేస్తా, తెలుసునా?"

"తెలుసు."

"ఎప్పుడు చేస్తా?"

నేను ఆలోచించాను. ఆమె మోకరించి ఉండగా నేను చూసింది ఆదివారాలు, కుటుంబ ప్రార్థనప్పుడు మాత్రమే.

"పొద్దున పాలు కాగేటప్పుడు చేస్తా" అంది. "ఈ గిన్నెలోకి చూస్తానే చేస్తా. కండ్లు మూసుకుంటే పొంగిపోదా? మా అమ్మా అట్లనే చేసె. కలుపు తీసేటప్పుడు చేస్తా, గడ్డిని చూస్తానే. పని చేసే ఆడోళ్ళు కండ్లు మూసుకోని ప్రార్థన చేయాలంటే బతుకంతా యాడ కుదురుతాది? మా ప్రార్థనలు దేవునికి చేరలేదంటావా?"

ఎన్ని ప్రసంగాలు విన్నానో. వాక్యం ఎంత కంఠస్థం చేశానో. ఈ సంగతి నా ఇంట్లో, పొయ్యి దగ్గర, రోజూ జరుగుతూ ఉంటే నాకు కనపడలేదు.

"నాకు రాదు" అన్నాను. "కండ్లు తెరిస్తే మాటలు రావు."

"నేర్చుకో. ఆరంగుళాల బోరులోకి దిగమనలేదు గదా నిన్ను."

మధ్యాహ్నం ఆమె దండెం తాడు విప్పి ఒక కొస తన నడుముకు కట్టుకుంది. రెండో కొస నా చేతికి ఇచ్చింది. "నేను డైవర్ని. నువ్వు అరుగు మీద నిలబడు. పట్టుకో, ప్రార్థన చెయ్యి, నన్ను చూడు. మూడూ చెయ్యి." అని ఇంటి ముందు కళ్ళంలో శనగలు ఎండబోయడానికి వెళ్ళింది. నేను అరుగు మీద నిలబడ్డాను. ప్రభువా అనగానే రెప్పలు వాటంతట అవే పడ్డాయి.

"కండ్లు!" అని అరిచింది ఆమె, వెనక్కి తిరగకుండానే. తాడు వదులైన తీరులో ఆమెకు తెలిసిపోయింది.

పక్కింటి అవ్వ గోడ మీదినుంచి తొంగి చూసింది. "ఏమ్మే, మొగున్ని నువ్వు కట్టేసినావా, నిన్ను వాడు కట్టేసినాడా?"

"ఎవురు ఎవుర్ని కట్టేసినా ఇద్దరం ఈడనే ఉండాం లే అవ్వా."

"ఉండండి, ఉండండి. నా కాలంలో ఈ తాడు ఉంటే మా ఆయన్ని సారాయంగడి కాడ్నుంచి లాక్కొచ్చేదాన్ని" అని అవ్వ లోపలికి పోయింది.

అలా వారం పైగా సాగింది. మొదట్లో నా ప్రార్థన ముక్కలు ముక్కలుగా వచ్చేది. సంఘంలో నాకు మంచి పేరు ఉంది, చక్కగా ప్రార్థిస్తాడని. పెద్ద పెద్ద మాటలు వరుసగా వస్తాయి. కళ్ళు తెరిస్తే ఆ మాటలేవీ రాలేదు. వాటి బదులు కనపడినవి వచ్చాయి. ప్రభువా, ఆమె కాలి దగ్గర ముల్లు ఉంది. ప్రభువా, ఎండ ఆమె మెడ మీద పడుతోంది. ప్రభువా, చేట ఎత్తేటప్పుడు ఎడమ చేయి నొప్పి పెడుతున్నట్టుంది, నాకు ఎప్పుడూ చెప్పలేదు. సాయంత్రం ఆమె తాడు విప్పుకుంటూ, "నేను ఏమేం చేసినానో చెప్పు" అని పరీక్ష పెట్టేది. నేను చెప్పేవాడిని. ఎడమ చేయి సంగతి చెప్పినప్పుడు ఆమె ఆ చేయి కొంగులో దాచుకుంది. పెళ్ళయి రెండేళ్ళు. ఆమెను అంతసేపు చూడడం నాకు అదే మొదలు.

ఆదివారం ఆరాధనలో కూడా అలవాటు చేసుకుందామని కళ్ళు తెరిచే నిలబడ్డాను. అయిన తరువాత ఒక సంఘపెద్ద నన్ను పక్కకు పిలిచాడు. "ప్రార్థనలో కండ్లు తెరిచినావేమప్పా? అందరూ చూస్తాండారు."

"అందరూ చూస్తాండారా తాతా?"

ఆయన మీసం సర్దుకుని, "నేను చూసినాలే" అని వెళ్ళిపోయాడు.

ఉగాది ఇంకో రెండు వారాలు ఉందనగా చాచా ఫోను చేశాడు. ఈసారి పని మా కడప జిల్లాలోనే, ఒక ఎత్తిపోతల పంపుహౌసు దగ్గర. "సార్‌కు మనుషులు తక్కువుండారు. నీ గురించి చెప్పినా. లైనుకు కాదంట, గంపకంట. వస్తావా?"

గంప అంటే కింద డైవరు కోసి నింపిన చెత్తను పైకి లాగి, మోసి, దూరంగా పారబోసే పని. లాగ్ బుక్కుకు దానితో సంబంధం లేదు. వస్తానన్నాను.

రెండు రోజులు గంప మోశాను. గుర్రపుడెక్క, తెగిన వల ముక్కలు, బస్తాలు, ఒకసారి సగం విరిగిన మంచం. సూపర్వైజరు నాతో మాట్లాడలేదు. మూడో రోజు లైను పట్టేవాడికి జ్వరం వచ్చింది. ఆయన చుట్టూ చూశాడు. నేను, నాతో గంప మోసే ఇంకొకడు తప్ప ఎవరూ లేరు. లైను తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "కండ్లు" అన్నాడు, అంతే.

చాచా దిగాడు. నేను నిలబడ్డాను. నోరు కదలకుండా, రెప్ప ఎంత తక్కువ వేస్తే అంత తక్కువ వేస్తూ మొదలుపెట్టాను. ప్రభువా, బుడగలు జల్లెడ మొదటి కమ్మీ దగ్గర ఉన్నాయి. ప్రభువా, రెండో కమ్మీకి జరిగాయి. ప్రభువా, గాలి పడమటి దిక్కునుంచి తిరిగింది, అల వస్తోంది. ఒక ఖాళీ డ్రమ్ము కొట్టుకొస్తే, అది లైను మీదికి రాకముందే కర్రతో దాన్ని తోయమని గంప దగ్గరున్నవాడికి చెప్పాను. మూడో కమ్మీ దగ్గర బుడగలు చాలాసేపు కదలలేదు. నేను అడిగితే సూపర్వైజరు హెల్మెట్టు ఫోనులో కనుక్కుని, వల కోస్తున్నాడని చెప్పాడు. నేను లైను ఒకసారి లాగితే కింద చాచా ఒకసారి లాగాడు. బాగున్నావా, బాగున్నా అని దాని అర్థం. చెప్పుకోదగ్గది ఇంకేమీ జరగలేదు. జరగకపోవడమే నేను అడిగింది.

చాచా పైకి వచ్చాక సూపర్వైజరు నన్ను పిలిచాడు.

"ఏం చూసినావు?"

మొదటినుంచీ చెప్పాను. కమ్మీలు, గాలి, డ్రమ్ము, బుడగలు ఆగిన చోటు, పలచబడిన చోటు. ఆయన చేతిలో ఉన్న కాగితం మీద ఆయన రాసుకున్న వరుసా అదే. వేలు పెట్టి చూసుకుంటూ విన్నాడు. చివరికి, "పై మెట్టు మీద నిలబడి ఆయన ఒకసారి దగ్గినాడు. అది చెప్పలే నువ్వు" అన్నాడు.

"చూసినా సార్. చెవి దగ్గర చెయ్యి కూడా పెట్టుకున్నాడు. చాచాను అడిగి చెప్దామనుకున్నా."

ఆయన మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "ప్రార్థన చేసినావా?"

"చేసినా సార్. ఉన్నంతసేపూ."

"కండ్లు తెరిచే?"

"తెరిచే."

"అట్లయితే రోజూ చెయ్యి" అన్నాడు.

చాచాకు జలుబు చేసి చెవి మూసుకుపోయింది. చెవి మూసుకుంటే డైవరు దిగకూడదు, లోపల పొర చినిగిపోతుంది. మరునాడు పొద్దున సూపర్వైజరు హెల్మెట్టు నా ముందు పెట్టాడు. "దిగు. చాచా లైను పడతాడు. జల్లెడకు ఆఖరి రెండు కమ్మీలు మిగిలినాయి."

చాచా నా హెల్మెట్టు గొళ్ళేలు ఒక్కొక్కటిగా వేసి, లాగి చూసి, మళ్ళీ లాగి చూశాడు. "భయమా?"

"కొంచెం."

"ఉండాల. శానా ఉండొద్దు, కొంచెం ఉండాల."

దిగాను. రెండు నిలువుల లోతుకే వెలుతురు గోధుమరంగుకు తిరిగింది. ఇంకొంచెం కిందికి పోయేసరికి ఏమీ లేదు. నా చేయి నా హెల్మెట్టు అద్దానికి ఆనించినా కనపడలేదు. అరుగు మీద అన్ని దినాలు నిలబడి తెరిచి ఉంచడం నేర్చిన కళ్ళు అక్కడ దేనికీ పనికి రాలేదు. నా ఊపిరి నాకే పెద్దగా వినపడుతోంది. చేతికి ఇనుము తగిలింది. కమ్మీ. దానికి చుట్టుకున్న వల, వలలో కుళ్ళిన ఆకు. కత్తి తీసి తడుముతూ కోయడం మొదలుపెట్టాను. కాసేపటికి కళ్ళు తెరిచి చీకట్లోకి చూడడానికి పడే యాతన చేతుల పనికి అడ్డం వస్తోందని తెలిసింది. అప్పుడు కళ్ళు మూసుకున్నాను.

మూసుకోగానే వేళ్ళకు తెలివి వచ్చింది. ఏది ముడి, ఏది ఇనుము, ఏది ఆకు అని విడివిడిగా తెలిసింది. నడుము దగ్గర లైను ఒకసారి మెల్లగా లాగింది. నేను ఒకసారి లాగాను. పైన ఒక ముసలాయన మూసుకుపోయిన చెవితో, తెరిచిన కళ్ళతో నా బుడగలు చూస్తున్నాడు. ఆయన పక్కన పంపు గది తాళం చెవి తడుముకుంటూ ఇంకొకాయన చూస్తున్నాడు. వాళ్ళ పైన, వాళ్ళనూ నన్నూ, మా ఇంట్లో ఆ వేళకు నన్ను తలుచుకుంటున్న ఆమెనూ ఎవరు చూస్తున్నారో చెప్పనక్కర్లేదు. నాకు ఏడుపు వచ్చింది. హెల్మెట్టులో ఏడవకూడదు, తుడుచుకునే దారి లేదు. కాబట్టి కీర్తన పాడాను. ఫోను తెరిచి ఉందని గుర్తు లేదు.

"పాడింది చాలు, కొయ్యి" అంది చెవిలో సూపర్వైజరు గొంతు. కొంచెం ఆగి, "సరే, మెల్లగా పాడు" అంది.

పైకి వచ్చాక ఆయన నా లాగ్ బుక్కు అడిగి తీసుకున్నాడు. మొదటి పేజీ మొదటి గీత మీద రాశాడు. పని, జల్లెడ శుభ్రం. చూపు, సున్నా. కింద సంతకం పెట్టాడు. నేను ఫోనులో నా భార్యకు చెప్పగా ఆమె, "సున్నా ఏంది?" అని అడిగింది. కింద ఏమీ కనపడదని చెప్పాను. "నాకు ముందే చెప్పింటే పంపకపోదును" అంది. తరువాత, "రేపు కూడా దిగాల్నా?" అంది. దిగాలన్నాను. "ఏ టైముకో చెప్పు. ఆ టైముకే పాలు పొయ్యి మీద పెడతా" అంది.

ఉగాదికి ముందు గని మేస్త్రీ దగ్గరికి పోయి, ఆ జాగా ఇంకొకరికి ఇవ్వమని చెప్పి, ఇంతకాలం ఆపినందుకు దండం పెట్టి వచ్చాను. ఆయన, "నీళ్ళల్లో జాగర్త అప్పా" అన్నాడు.

ఆ మొదటి పేజీ ఇంకా నిండలేదు. సగం దాటింది. పని ఉన్న వారాలకన్నా లేని వారాలే ఎక్కువ. రేవు కంపెనీలకు మళ్ళీ ఫోను చేస్తున్నాను. ఇంకా చాలవంటున్నారు. చాచా చెవి ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. డాక్టరు ఇక దిగవద్దంటాడేమోనని ఆయనకు దిగులు. ఆయన దిగకపోతే ఆయన స్థానంలో నేను దిగుతాను, అది నాకు సంతోషంగా లేదు.

చదువుతున్న మీరు కూడా నాతో కలిసి అడగండి. ఏ మతంవారైనా సరే, మీకు తెలిసిన మాటల్లోనే అడగండి. ప్రభువా, ఆ ముసలాయన చెవి బాగు చేయి. ఈ క్షణాన మా సీమలో ఏ గుంతలో, ఏ బావిలో, ఏ తూము ముందు మనుషులు దిగి ఉన్నారో వాళ్ళందరినీ పైకి తీసుకురా. వాళ్ళ తాడు పట్టుకున్నవారికి నిద్ర రానీయకు, చేతులు జారనీయకు. ఈ పని వెతుక్కుంటూ ఖాళీ పుస్తకంతో తిరిగే కొత్తవాళ్ళకు, చేతిలో లైను పెట్టి "కండ్లు" అని చెప్పే ఒక మనిషిని చూపించు. మీరు బస్సులో ఉన్నా, పొలంలో ఉన్నా, ఎవరినైనా కనిపెట్టుకుని ఉన్నా, ఉన్నచోటనే ఉండి మాకోసం ఈ మాట ఒకసారి అనండి. ఆమేన్.